ధ్రువాల మబ్బులు, మా కళ్లంలోని వరదగుడి

ధ్రువ ప్రాంతాల్లో మబ్బు పడితే చలి పెరుగుతుందా, తగ్గుతుందా, వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడళ్లు ఆ లెక్కలో ఎందుకు తడబడతాయి అని అడిగారు. చలి తగ్గుతుంది. నడివేసవిలో కొద్ది వారాలు మినహాయిస్తే, ఆర్కిటిక్ సముద్రపు మంచుపై మబ్బు చేసే పని వెచ్చబరచడమే.

ఈ సంగతి నాకు మొదట తెలిసింది పలమనేరు దగ్గర మా కళ్లంలో. చెనక్కాయల కుప్పకు కాపలాగా మా నాయనతో పాటు కంబళి కప్పుకొని పడుకున్న రోజుల్లో, చుక్కలు తేటగా కనిపించే రాత్రి చలి ఎముకలు కొరికేది; నడిరేయి దట్టమైన మబ్బు కమ్మితే కాసేపటికే ఆ బిగువు సడలేది. ఒక రాత్రి మాత్రం చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టింది. మబ్బు వచ్చిందని నేను సంతోషించాను గాని, తెల్లవారేదాకా చలి తగ్గలేదు, మంచుకు కంబళి తడిసి ముద్దయింది. "గుడి కట్టిందంటే అది పలచన మబ్బురా, కప్పదు" అన్నాడు నాయన. ఎంతో ఎత్తున, మంచు పలుకులతో ఏర్పడిన మబ్బే ఆ గుడిని కడుతుందని తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు గాని నాకు తెలియలేదు.

మోడళ్ల చిక్కులో పెద్ద వంతు, మబ్బులో ఉన్నవి నీటి బిందువులా మంచు పలుకులా అన్న దగ్గరే ఉందని నా దృఢమైన అభిప్రాయం. ఉన్న నీరు అంతే అయినా, సన్నని బిందువులు కోకొల్లలుగా ఉన్న మబ్బు కింది నుంచి వచ్చే వేడిని పట్టి తిరిగి కిందికి పంపుతుంది. అదే నీరు కొన్నే పెద్ద మంచు పలుకులుగా మారితే ఆ వేడిలో చాలా భాగం పైకి జారిపోతుంది. పైగా మబ్బులోని బిందువులు సున్నాకు 30 డిగ్రీల దిగువన కూడా గడ్డకట్టకుండా ఉండగలవు. 1997-98లో ఆర్కిటిక్‌లోని బోఫోర్ట్ సముద్రపు మంచులో ఒక ఓడను ఏడాది పాటు చిక్కుకోనిచ్చి జరిపిన షీబా అనే పరిశోధన యాత్ర పరిశీలనల్లో, నిర్మలమైన శీతకాలపు రాత్రి మంచు ఉపరితలం చదరపు మీటరుకు దాదాపు 40 వాట్ల వేడిని కోల్పోగా, బిందువులున్న మబ్బు కింద ఆ నష్టం సున్నాకు దగ్గరగా వచ్చింది. ఉష్ణోగ్రతను మాత్రమే చూసి మబ్బంతా మంచేనని తేల్చే మోడల్ ఆ 40 వాట్లను ఎక్కడి నుంచి తెస్తుంది?

మన పాఠాలు మబ్బును ఎండకు గొడుగుగానే చూపించడం నాకు బాధ కలిగిస్తుంది. తాజా మంచు తానే ఎండలో 80 శాతానికి పైగా తిప్పికొట్టే చోట, అందులోనూ నెలల తరబడి సూర్యుడే కనిపించని చోట, గొడుగు నీడకు విలువెంత? మబ్బులో నీరా మంచా అన్నది తేల్చే దారి కూడా ఉంది. తిరుపతికి చేరువలోని గాదంకి వాతావరణ పరిశోధనశాలలో లైడార్‌తో, అంటే లేజర్ కాంతిని పైకి పంపి తిరిగొచ్చేదాన్ని కొలిచే పరికరంతో, మబ్బులను పరిశీలిస్తారు. గుండ్రని బిందువు నుంచి నేరుగా తిరిగొచ్చే లేజర్ కాంతిలో ధ్రువణం (కాంతి తరంగం ఊగే దిశ) మారదు, మంచు పలుకు నుంచి వచ్చేదానిలో మారుతుంది. ధ్రువాల్లోనూ మబ్బులో ఉన్నది నీరో మంచో ఈ పద్ధతిలోనే పట్టుకుంటారు.