గిఫ్ట్ కార్డులో మిగిలిన డాలర్లు క్యాష్‌గా ఇస్తారా?

ప్రశ్న: శాన్ హోజేలో ఉంటాం. ఒక స్టోర్ గిఫ్ట్ కార్డులో 8 డాలర్ల 40 సెంట్లు మిగిలాయి. యాప్‌లో బ్యాలెన్స్ కనిపిస్తోంది గానీ క్యాష్ తీసుకునే ఆప్షన్ లేదు. కౌంటర్లో అడిగితే కుదరదన్నారు. ఆ డబ్బు పోయినట్టేనా?

జవాబు: పోలేదండీ. యాప్‌లో బటన్ పెట్టలేదంటే వాళ్లకి ఇష్టం లేదని, అంతే. కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1749.5 సెక్షన్ ప్రకారం కార్డులో 10 డాలర్ల కంటే తక్కువ ఉంటే, అడిగినప్పుడు క్యాష్ ఇవ్వాల్సిందే, పైగా 2026 ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దు 15 డాలర్లకు పెరిగింది. కౌంటర్లో ఉన్న కుర్రాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు, పాపం అతనితో వాదన ఎందుకు, మేనేజర్‌ని పిలిపించి ఆ సెక్షన్ ఫోన్లో తెరిచి చూపించండి.

ఇదే కార్డు టెక్సాస్‌లో ఉన్న మీ చుట్టాల చేతిలో ఉంటే ఇంత సుఖం లేదు, అక్కడ మిగిలింది 2.50 డాలర్ల కంటే తక్కువైతేనే క్యాష్ ఇస్తారు. న్యూజెర్సీలో 5 డాలర్ల లోపు. గడువు సంగతీ అంతే. అమెరికా అంతటికీ వర్తించే 2009 నాటి ఫెడరల్ కార్డ్ యాక్ట్ కనీసం 5 ఏళ్లు అంటుంది, రాష్ట్రాలు దానికి మించి ఇవ్వొచ్చు. న్యూయార్క్‌లో 2022 డిసెంబర్ తర్వాత అమ్మిన కార్డులకు 9 ఏళ్లు, కాలిఫోర్నియాలో స్టోర్ కార్డులకు మామూలుగా గడువే ఉండదు. అయితే "వంద డాలర్లకు కొంటే పది డాలర్ల కార్డు ఫ్రీ" అని చేతిలో పెట్టే ప్రమోషన్ కార్డులకు ఇవేవీ వర్తించవు, వాటిని వెంటనే వాడేయడమే మంచిది.

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి. సొరుగులో ఒక వీసా గిఫ్ట్ కార్డు దొరికింది, 2022లో యాక్టివేట్ చేసింది. దాని మీద వేసిన తేదీ పోయిన నెలే దాటింది. పారేయమంటారా?

జవాబు: వద్దు! ఆ తేదీ ప్లాస్టిక్‌కి, లోపలి డబ్బుకి కాదు. యాక్టివేట్ చేసి 5 ఏళ్లు కాకపోతే డబ్బు బతికే ఉంటుంది, కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేస్తే కొత్త కార్డు ఫ్రీగా పంపాలి. కాకపోతే ఏడాదిపాటు వాడకుండా వదిలేస్తే, ముందే కార్డు మీద రాసి ఉన్నట్లయితే, నెలకొకసారి ఫీజు కోసుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి ముందు బ్యాలెన్స్ చూడండి, అదీ వెనక అచ్చువేసిన వెబ్‌సైట్‌లోనే. గూగుల్‌లో "గిఫ్ట్ కార్డు బ్యాలెన్స్" అని వెతికితే కార్డు నంబరు కొట్టేసే నకిలీ సైట్లూ వస్తాయి.