ఎర్ర దారం కట్టిన మిక్సీ జార్

పాపా,

మీ నాయన నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. నీకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందంట, పీజీలో ఉండవంట, ఇద్దరు స్నేహితురాళ్ళతో ఇల్లు అద్దెకు తీసుకుని వంట కూడా నువ్వే చేసుకుంటావంట. మన ఇంట్లో ఒక ఆడపిల్ల తన జీతంతో తీసుకున్న ఇంటికి తాళం వేసుకోవడం ఇదే మొదలు. మీ మామను నిద్ర లేపి మరీ చెప్పాను. "మంచిదే కదా" అని అటు తిరిగి పడుకున్నాడు. నాకు తెల్లవారేదాకా నిద్ర లేదు, సగం సంతోషంతో, సగం భయంతో. ఫోన్‌లో చెప్తే మధ్యలోనే "సరే అత్తా, సరే అత్తా" అంటావు. అందుకే రాస్తున్నా.

నీ ఆస్తమా గురించి నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం ఇన్‌హేలర్ ఒకటి బ్యాగులో, ఇంకొకటి ఆఫీసులో ఉండాలి. రోజూ పీల్చాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను ఒంట్లో బాగుందని మానొద్దు, పీల్చాక నోరు పుక్కిలించు. నీలం దానితో వారానికి రెండుసార్లకు మించి పని పడుతోందంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళు. అయిపోయిందో లేదో తెలుసుకోవడానికి డబ్బాను నీళ్ళలో వేసి చూడొద్దు, అది తప్పు లెక్క. ఎన్నిసార్లు నొక్కావో రాసుకో. పాత పరుపు, దోమల చక్రం, బాల్కనీలో పావురాలు, పక్క సైటులో వయ్యారిభామ మొక్కలు, ఇవి ఉన్న ఇల్లు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఇవన్నీ నాకంటే మీ డాక్టరే బాగా చెప్తారు.

ఇప్పుడు తిండి సంగతి. పాలు, పెరుగు, గుడ్లు, గోధుమ అన్నీ మానేస్తున్నావంట కదా, ఆస్తమా తగ్గుతుందని! ఎవరు చెప్పారు పాపా? మీ జేజి కూడా పాలు తాగితే కఫం పెరుగుతుందనేది. పాలు తాగాక నోట్లో, గొంతులో కాసేపు చిక్కగా అనిపిస్తుంది, అంతే. పాలు పడనివాళ్ళ సంగతి వేరు. నీకు పాలు పడతాయి, గుడ్డు పడుతుంది, గోధుమ పడుతుంది. పడనిది ఒక్కటే, శెనక్కాయ. వందరకాల పదార్థాలకు ఒకేసారి రక్తపరీక్ష చేసి పెద్ద పట్టిక ఇస్తారు చూడు, ఐజీజీ పరీక్ష అంటారు, దానికి డబ్బు పోయొద్దు. ఒక పదార్థం నువ్వు తింటూ ఉన్నావనే అది చెప్తుంది, నీకు పడదని కాదు. అలర్జీ నిపుణుల సంఘాలే దాన్ని వద్దన్నాయి.

నా భయం పాలు మానేయడం గురించి కాదు, మానేశాక ఏం తింటావో అని. పాలు మానేసినవాళ్ళు చాలామంది పెరుగు దేనితో తోడుపెట్టుకుంటారో తెలుసా? శెనక్కాయలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి! చూడ్డానికి తెల్లగా, అచ్చం పెరుగులానే ఉంటుంది. ఆ ప్రొటీన్ బార్లు, పీనట్ బటర్లు సరేసరి. నూనె కూడా అంతే. ఫ్యాక్టరీలో బాగా శుద్ధి చేసిన శెనగనూనెలో అలర్జీ తెచ్చే ప్రొటీన్ దాదాపు మిగలదంటారు. ఇప్పుడు అందరూ ఎగబడి కొంటున్న గానుగ నూనెలో మాత్రం అది మిగిలే ఉంటుంది. మంచిదని నీ స్నేహితురాలు వాళ్ళమ్మ పంపిన సీసా తెచ్చి పొయ్యి దగ్గర పెడుతుంది చూడు, ముందు దాన్ని చూసుకో. పాకెట్ మీద వేరుశనగ ఉంటే చెప్పి తీరాలని 2020 నాటి లేబుల్ నియమాల్లో ఉంది, కాబట్టి పాకెట్ అయితే చదువుకోవచ్చు. స్వీట్‌షాపులో తూకం వేసి ఇచ్చేదానికి లేబుల్ ఎక్కడుంటుంది?

ఇంకో చిక్కు మాటలది. మనకు శనగలు వేరు, శెనక్కాయలు వేరు, అయినా నూనె దగ్గరికొచ్చేసరికి శెనగనూనె అంటాం. కన్నడంలోనూ అదే తంటా. కడ్లెబేళె అంటే శనగపప్పు, హురిగడ్లె అంటే పుట్నాలు, ఇవి నువ్వు తినొచ్చు. కడ్లెకాయి, కడ్లెబీజ అంటే మన శెనక్కాయలు, బుడ్డలు. ఉత్త "కడ్లె" అని అడిగావో, వాళ్ళు ఒకటనుకుంటారు, నువ్వొకటనుకుంటావు. "ఇదరల్లి కడ్లెబీజ ఇదెయా?" ఈ ఒక్క ముక్క నోటికి రావాలి. చట్నీ పుడి, చిత్రాన్నం, ఉప్పిట్టు, ఏదైనా సరే అడిగాకే చెయ్యి పెట్టు.

అడగడం దగ్గరే నీతో నాకు పేచీ. పోయిన ఏడాది పెళ్ళిలో నేను నీ వెనక బంతిలోనే కూర్చున్నా. వడ్డించే అబ్బాయి శెనక్కాయల మసాలా పెట్టిన గుత్తివంకాయ వేయబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ఏమన్నావు? "నాకు ఇష్టం లేదు" అన్నావు. ఇష్టం లేదంటే వాడు ఊరుకుంటాడా, "కొంచెం రుచి చూడక్కా" అని అదే గరిటెతో పప్పు వేశాడు. నువ్వేమో సిగ్గుపడి ఆ పప్పును పక్కకు నెట్టి, ఉత్త పెరుగన్నం తిని లేచిపోయావు. నేను గమనించలేదనుకున్నావు. కొత్త ఆఫీసులోనూ ఇట్లే చేస్తావని నా భయం. పుట్టినరోజు కేకులు, ఎవరో ఊరినుంచి తెచ్చిన చిక్కీలు, "అయ్యో ఒక్క ముక్క తీసుకో" అనే మర్యాదలు ఉంటాయి. "ఇష్టం లేదు" అన్న మాట నీ నోట మళ్ళీ రాకూడదు. "పడదు, తింటే ప్రాణం మీదికొస్తుంది" అను. వింతగా చూస్తే చూడనీ.

ఇంత గట్టిగా చెప్పే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో ఇన్నేళ్ళూ నీకు చెప్పలేదు.

2008 దసరా సెలవులు. నీకు ఎనిమిదేళ్ళు. ముంగారు పంట పీకి కల్లానికి తెచ్చారు, కాయలు దూసే మిషన్ దగ్గర దుమ్ము పొగలాగా లేస్తోంది. నువ్వు పిల్లలతో కలిసి ఆ కుప్పల మీదే ఆడుతున్నావు. సాయంత్రానికి కాస్త పిల్లికూతలు మొదలయ్యాయి, నీలం ఇన్‌హేలర్ పీలిస్తే తగ్గాయి. అంతకుముందు, నీ మూడో ఏట చిక్కీ ముక్క తిని పెదాలు ఉబ్బితే డాక్టర్ వద్దన్నాడని మీ అమ్మ నాకు నాలుగుసార్లు చెప్పి వెళ్ళింది. నాకు నమ్మకం లేదు. మన ఇంట్లో బుడ్డలు పడనివాళ్ళెవరు? మా తాత, మా నాయన, మీ నాయన, అందరం ఆ చేనుమీద బతికినవాళ్ళమే. పచ్చికాయలు ఉడకబెట్టి తిన్నాం, కాల్చుకుని తిన్నాం, బుడ్డలతో నూరిన ఊరిబిండి లేకుండా సంగటి ముద్ద మింగలేదు. టౌనులో పెరిగిన పిల్లకు ఈ జబ్బేమిటి, కొంచెం కొంచెం అలవాటు చేస్తే అదే పోతుందనుకున్నా. మీ జేజి కూడా "అవునే" అంది. ఆమె పోయింది కాబట్టి ఆమె మీద నెట్టను. చేసింది నేను.

పండగరోజు ఓళిగలు, అదే బొబ్బట్లు చేశా. నీకని తీసిన రెండు ఓళిగల పూర్ణంలో అర చెంచా బుడ్డల విత్తనాల పొడి కలిపా. "పొరపాటున కలిసింది" అని ఇంట్లో ఇప్పటికీ అనుకుంటారు, మీ అమ్మకూ అంతే తెలుసు. పొరపాటున కలవలేదు పాపా. నేనే కలిపాను.

నువ్వు ఒకటిన్నర తిన్నావు. పది నిమిషాలు కాలేదు, మెడ గోక్కోవడం మొదలుపెట్టావు. వీపంతా దద్దుర్లు లేచాయి, దగ్గు వచ్చింది, తిన్నదంతా కక్కేశావు. గొంతు బొంగురుపోయింది. నేనేమన్నానో తెలుసా? "కల్లం దుమ్ము, నిన్నటిదే తిరగబెట్టింది" అన్నాను. లోపల తెలుస్తూనే ఉంది, అయినా అందరికీ అదే చెప్పా. ఇన్‌హేలర్ పీల్పించా, ఆవిరి పట్టా, మిరియాల కషాయం పోయబోయా. అరగంట అట్లా పోయింది. మీ మామ 108కి చేద్దామన్నాడు, అది వచ్చేలోగా మనమే పోదామని నేనే తొందరపెట్టా. బైకు మీద నిన్ను మధ్యలో నిటారుగా కూర్చోబెట్టుకుని పోయాం. దారిలో నీ తల నా భుజం మీద వాలిపోయింది. నిద్రపోతున్నావనుకున్నా.

ఆసుపత్రిలో డాక్టర్ అడిగిన మొదటి మాట, "ఏం తినింది?" నేను "ఓళిగ" అన్నా. అంతే అన్నా. బెల్లం, శనగపప్పు, మైదా అని లెక్క చెప్పా. ఆయన ఆస్తమా అనుకుని నెబులైజర్ పెట్టించాడు. నీ పెదాలు నీలంగా మారుతుంటే చూస్తూ నిలబడ్డా, నోరు రాలేదు. రెండోసారి నా కళ్ళలోకి చూసి అడిగాడు, "ఇంకేమైనా ఉందా అందులో?" అని. అప్పుడు చెప్పా. నన్ను ఒక్క మాట అనకుండా నీ తొడలోకి ఇంజెక్షన్ వేశాడు. నిన్ను పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాడు. కొన్ని నిమిషాల్లో నీ మొహంలోకి రంగు వచ్చింది, "అత్తా, దాహం" అన్నావు. ఆ రాత్రి నిన్ను ఇంటికి పంపలేదు. ఒకసారి తగ్గి, కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చన్నారు. తెల్లవార్లూ నీ ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నా.

అలవాటు చేయడమనేది ఇప్పుడు డాక్టర్లూ చేస్తున్నారని ఈ మధ్య చదివా. మిల్లీగ్రాముల లెక్కన, కళ్ళముందు కూర్చోబెట్టుకుని, అవసరమైతే వేయడానికి ఇంజెక్షన్ పక్కనే పెట్టుకుని చేస్తారంట. నేను అర చెంచాతో చేశా.

కాబట్టి ఇది మాత్రం రాసి ఫ్రిజ్ మీద అంటించు, నీ ఇద్దరు స్నేహితురాళ్ళతోనూ చదివించు. ఏదైనా తిన్న కాసేపటికి దద్దుర్లు, వాంతి, గొంతు పట్టేయడం, కళ్ళు తిరగడం, వీటిలో ఏ ఒక్కదానితోపాటైనా ఆయాసం వస్తే అది మామూలు ఆస్తమా కాదు. ముందు అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటివైపు మధ్యలో, బట్టమీదనుంచైనా సరే. ఇన్‌హేలర్ ఆ తర్వాత. సెట్రిజిన్ దురద తగ్గిస్తుంది, ప్రాణం కాపాడదు. నిలబడొద్దు, నడవొద్దు. పడుకో, పడుకుంటే ఊపిరాడకపోతే కాళ్ళు చాపుకుని కూర్చో. 108కి ఫోన్ చేయాలి, బైకు ఎక్కకూడదు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే రెండో డోసు. పెన్నులాగా ఉండే ఆ ఇంజెక్షన్ మన దగ్గర ప్రతి మందుల షాపులో దొరకదు. అందుకే ఊరు కదిలేముందే మీ డాక్టర్ దగ్గర కూర్చుని ఏది దొరుకుతుందో, నీ మోతాదు ఎంతో రాయించుకో, నీకూ వాళ్ళకూ వేయడం నేర్పమని అడుగు. ఆస్తమా, ఈ అలర్జీ రెండూ ఉన్నవాళ్ళకు, అందులోనూ ఆస్తమా అదుపులో లేకపోతే, రియాక్షన్ ఇంకా గట్టిగా వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆస్తమా అదుపులో ఉంచుకో అని విసిగించేది అందుకే.

ఇంకొకటి, కార్తీక మాసం చివరి సోమవారం వస్తోందంటే బసవనగుడి వైపు పోవద్దు. అక్కడ కడ్లెకాయి పరిషె జరుగుతుంది, బసవన్నకు బుడ్డల జాతర. రోడ్డుకు రెండువైపులా కుప్పలు, వేయించే పొగ, కాళ్ళకింద పొట్టు. నాకు పెళ్ళికాక ముందు మా నాయన ఒకసారి రెండు మూటలు లారీలో వేసుకుని ఆ పరిషెకు పోయి, అమ్మి, నాకూ మీ నాయనకూ కొత్త బట్టలు తెచ్చాడు. ఆ గౌను ఇంకా గుర్తు, పచ్చరంగు. అదే జాతర నీకు ఆమడదూరం కావాలి. బాధగానే ఉంటుంది.

నీ ఇంటికి సామాను పంపుతున్నా. పుట్నాలతో చేసిన పప్పుల పొడి, కొబ్బరి కారం, నువ్వుల పొడి. నువ్వులు నీకు పడతాయని పరీక్షలో తేలింది కదా. వీటన్నిటినీ ఎర్ర దారం కట్టిన జార్‌లోనే పట్టా. 2008 దసరా తర్వాత కొన్నది అది, దాంట్లో ఒక్క బుడ్డల విత్తనం కూడా పడలేదు. నువ్వు వచ్చినప్పుడు తప్ప తీయను, మీ మామను కూడా ముట్టనివ్వను. ఇప్పుడు ఆ జార్ కూడా పెట్టెలో పెట్టాను, నీ దగ్గరే ఉండనీ. దారం ఊడిపోతే వేరేది కట్టుకో, నీ స్నేహితురాళ్ళకు ఆ దారం ఎందుకో చెప్పు.

ఈ ఉత్తరం మీ అమ్మానాయనలకు చూపిస్తావో లేదో నీ ఇష్టం. చూపిస్తే మాత్రం ముందు నాకు ఒక ఫోన్ చెయ్యి. మీ అమ్మ ఏదైనా అంటే నేరుగా నా చెవిన పడాలి.

ఇట్లు,
అత్త