నున్నటి రోడ్డు మీద సైకిలు ఎందుకు జారుతుంది?

తొలకరి మొదలయ్యాక వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే బాధ. చినుకు పడితే చాలు, సైకిలు మీద వెళ్లేవాళ్లు జారి పడుతున్నారు. పడిన పిల్లల్ని "నెమ్మదిగా తొక్కొచ్చుగా" అని కోప్పడటమే ఎక్కువగా కనిపిస్తోంది. చాలాసార్లు తప్పు తొక్కినవాళ్లది కాదు, రోడ్డు పైపొరది. అందుకే ఈసారి ఆ ఉత్తరాలకే జవాబులు.

ప్రశ్న: మా వీధిలో సిమెంటు రోడ్డు వేసి నాలుగేళ్లయిందండి. రెండు పక్కలా కొబ్బరిచెట్లు, ఎప్పుడూ నీడే. వానాకాలం వస్తే పచ్చగా పాకుడు పట్టి బడిపిల్లలు సైకిళ్లతో సహా పడిపోతున్నారు. బ్లీచింగ్ చల్లితే వారం ఆగి మళ్లీ వస్తోంది. ఏం చేయాలండి?
– ఒక తల్లి, ముమ్మిడివరం మండలం

జవాబు: పొడిగా చల్లిన బ్లీచింగ్‌లో కొంత గాలికి పోతుంది, మిగతాది తర్వాతి వాన కడిగేస్తుంది. పాకుడు చచ్చేంతసేపు అది రోడ్డు మీద నిలవదు. వాన లేని రోజు చూసుకుని ముందు పారతో పైపొర గీకేయండి. పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్టుకు పావుకిలో బ్లీచింగ్ పొడి చొప్పున, మొదట కాసిని నీళ్లలో ముద్దగా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోయండి. ఒక బకెట్టు సుమారు పాతిక చదరపు మీటర్లకు వస్తుంది. అంటే మూడు మీటర్ల వెడల్పు రోడ్డులో ఎనిమిది మీటర్ల పొడవుకు. పోసి ఇరవై నిమిషాలు ఆగి, గట్టి బ్రష్షుతో రుద్ది కడిగేయండి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇంకో సంగతి మన గోదావరి డెల్టాలో మరీ ముఖ్యం. ఆ నీళ్లు చేపల చెరువులోకో, రొయ్యల చెరువులోకో, పంటబోదెలోకో పోకూడదు. బ్లీచింగ్‌లోని క్లోరిన్ కొద్దిగా కలిసినా చేపలు, రొయ్యలు చచ్చిపోతాయి. పల్లం వైపు మట్టితో చిన్న గట్టు వేసి, నీళ్లు అక్కడే ఇంకేలా చూడండి.

ఇంత చేసినా తడి, నీడ అలాగే ఉంటే పాకుడు మళ్లీ పడుతుంది. మీ రోడ్డు అంచున మార్జిన్ మట్టి రోడ్డు కంటే ఎత్తుగా ఉందేమో చూడండి. డెల్టా పల్లెల్లో ఇది చాలాచోట్ల కనిపిస్తుంది. ఇళ్ల ముందు మెరక చేసుకుంటూ పోతే రోడ్డే కాలువైపోతుంది. నాలుగైదు మీటర్లకొక చోట మార్జిన్‌ను జానెడు వెడల్పున కోసి నీటికి దారి ఇవ్వండి. రోడ్డు మీదికి వంగిన కొమ్మలు కొట్టించండి. రోజూ రెండు మూడు గంటలు ఎండ తగిలినా తేడా తెలుస్తుంది.

ప్రశ్న: మాకు వచ్చే నెల సిమెంటు రోడ్డు పోస్తున్నారు. పాకుడు పట్టినా జారకుండా ముందే ఏమైనా చేయించవచ్చా?
– వార్డు సభ్యుడు, పెనుగొండ

జవాబు: చేయించవచ్చు, దానికి అయ్యే ఖర్చు చీపురు ఖర్చే. "అద్దంలా వచ్చింది" అంటే మనకు గొప్ప మెప్పు. రోడ్డుకు మాత్రం అది మెప్పు కాదు. టైరు రబ్బరు రోడ్డును పట్టుకోవాలంటే పైన గరుకు ఉండాలి, మధ్యలో నీళ్లు తప్పుకోవడానికి సందులు ఉండాలి.

కాంక్రీటు పరిచి చదును చేశాక పైకి నీళ్లు తేలి మెరుస్తుంది. ఆ మెరుపు పోయి, బొటనవేలు ఆనిస్తే కొద్దిగా అచ్చు పడే దశలో గట్టి పీచు చీపురు గానీ తీగల చీపురు గానీ రోడ్డుకు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకే లాగులో లాగాలి. గీతల లోతు సుమారు మిల్లీమీటరున్నర ఉండాలి. ముందే లాగితే కంకర లేచి వస్తుంది, ఆలస్యమైతే గీత పడదు. ఎండాకాలంలో ఈ వ్యవధి చాలా తక్కువ. అందుకని చీపురు పట్టే మనిషిని ఆ పనికే కేటాయించమనండి. గీతలు రోడ్డు పొడవునా వద్దు, సన్న టైరు వాటి వెంట లాగినట్టు పోతుంది.

మేస్త్రిని తప్పక ఆపాల్సిన పని ఒకటుంది. పైన నీళ్లు తేలాయని పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దడం. చూడటానికి నున్నగా ఉంటుంది. ఆ పొర బలహీనం కాబట్టి కొన్నాళ్లకే పెచ్చులుగా లేస్తుంది, అది ఉన్నన్నాళ్లూ తడిస్తే జారుతుంది. నీళ్లు మరీ ఎక్కువగా తేలుతున్నాయంటే కలపడంలోనే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. అక్కడ సరిచేయాలి.

ఇప్పటికే నున్నగా వేసేసిన రోడ్లకు కోత మిషనుతో అడ్డంగా గాడులు కోయించడం ఒక దారి. మూడు మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు చాలు. ఊరంతా అక్కర్లేదు. మలుపులు, వాలులు, బడి ముందు కోయిస్తే ప్రమాదాలు తగ్గుతాయి.

ప్రశ్న: స్పీడ్ బ్రేకరు మీద, బడి ముందు వేసిన తెల్లగీతల మీద మాత్రమే నా సైకిలు జారుతోంది. పక్కనున్న తారు మీద ఏమీ కాదు. ఎందుకని?
– డిగ్రీ విద్యార్థి, తణుకు

జవాబు: అది మామూలు రంగు కాదు, థర్మోప్లాస్టిక్. సుమారు 180 డిగ్రీల వేడిలో కరిగించి, రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పోస్తారు. తారు మీద రాళ్ల మధ్య ఉండే సందులన్నీ అది పూడ్చేస్తుంది. పైన చల్లే గాజుపూసలు రాత్రి దీపం వెలుగుకు మెరవడానికే గాని పట్టు కోసం కాదు. తడిసిన గీత మీద నీళ్లు పలచటి పొరగా నిలుస్తాయి, అందుకే జారుతుంది.

గీత వచ్చేలోపే వేగం తగ్గించుకోండి. గీత మీద బ్రేకు వద్దు, గట్టిగా తొక్కడం వద్దు, హ్యాండిల్ తిప్పడం అసలే వద్దు. సైకిలు నిటారుగా ఉంటే దానంతటదే దాటిపోతుంది. ఒరిగి ఉన్నప్పుడు ముందుచక్రం జారితే సర్దుకోవడానికి టైముండదు. వెనక చక్రమైతే చాలావరకు నిలదొక్కుకోవచ్చు. గీతలు వేయించేవారు పైపొరలో నలగ్గొట్టిన గట్టి రాతి రవ్వ కూడా చల్లించాలని అడగండి. అందుకు తగిన పదార్థాలు ఉన్నాయి.

ప్రశ్న: తారు రోడ్డు వేసేముందు గోధుమరంగు ద్రవం చల్లి వెళ్లిపోయారు. దాని మీద మా అబ్బాయి పడ్డాడు. సైకిలంతా తారే. ఎలా వదిలించాలి?
– రావులపాలెం నుంచి

జవాబు: అది పాత పొరకు కొత్త పొర అతకడానికి చల్లే తారు ఎమల్షన్. తారు నీటిలో కలిసి ఉండటానికి సబ్బులాంటి పదార్థం వాడతారు. గోధుమరంగులో ఉన్నంతసేపూ నిజంగానే సబ్బునీటిలా జారుతుంది. నీరు విడిపోయి నల్లబడ్డాక జిగటగా మారుతుంది. రెండు దశల్లోనూ దాని మీద సైకిలు తొక్కకూడదు. దిగి మార్జిన్ మీద నడిపించుకుంటూ వెళ్లాలి. చల్లినవాళ్లు అడ్డంపెట్టి మనిషిని నిలబెట్టాల్సింది. అలా వదిలేసి పోవడం తప్పే.

టైరుకు అంటింది పుల్లతో గీకి, పొడి ఇసుకలో దొర్లించి రుద్దండి. కిరసనాయిలులో నానబెడితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. రిమ్ముకు మాత్రం గుడ్డకు కొద్దిగా కిరసనాయిలు అద్ది తుడిచి, తర్వాత సబ్బునీటితో రెండుసార్లు కడగండి. ఆ జిడ్డు ఏ మాత్రం మిగిలినా బ్రేకు పట్టదు. బ్రేకు రబ్బర్లకు తారు పట్టి ఉంటే మార్చేయండి.

ప్రశ్న: సార్వా (వానాకాలం వరి) దమ్ములప్పుడు ట్రాక్టర్ల బురద, దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం, గడ్డి. ఏది ఎక్కువ ప్రమాదం?
– భీమవరం రూరల్

జవాబు: బురదే, అదీ జల్లు పడినప్పుడు. మన ఒండ్రుమట్టిలో బంక ఎక్కువ. పెద్దవాన దాన్ని కడిగేస్తుంది, చిరుజల్లు మాత్రం పైపైన తడిపి వెన్నలా చేస్తుంది. ఎండిన బురదమరక కూడా జల్లు పడేదాకా ఏమీ అనిపించదు. దాని మీద ఊకో, గడ్డో చల్లితే ఇంకా జారుతుంది. చల్లాలంటే క్వారీ డస్టు గానీ ముతక ఇసుక గానీ చల్లాలి. చేలోంచి రోడ్డెక్కే చోట పది అడుగుల మేర కంకర పోసుకుంటే చక్రాల మట్టి అక్కడే రాలుతుంది. మిగిలింది పచ్చిగా ఉండగానే పారతో లాగేస్తే పావుగంట పని.

ధాన్యం గింజలు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. టార్పాలిన్ అంచు దాటి పడినవాటిని ఊడ్చాలి. చేపల లోడు నుంచి కారిన నీళ్లూ జిగురే, అక్కడా తిన్నగానే పోవాలి.

ప్రశ్న: వానాకాలానికి లోతు గళ్లున్న టైరు వేయించాలా?
– నరసాపురం

జవాబు: తారు, సిమెంటు రోడ్ల మీద గళ్ల లోతుతో పెద్ద తేడా రాదు. సైకిలు టైరు సన్నం, వేగం తక్కువ. కారు టైరులా నీటి మీద తేలదు. గళ్లు బురదలోనే పనికొస్తాయి. అరిగి గట్టిపడి పగుళ్లిచ్చిన టైరును మాత్రం మార్చండి. గాలి టైరు పక్కన రాసి ఉన్న హద్దుల్లోనే, కాస్త తక్కువగా పెట్టించండి.

అంతకంటే ముందు బ్రేకులు చూపించండి. పాతరకం సైకిళ్ల ఇనుపరిమ్ము తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. తడి తుడుచుకుపోవడానికే మొదటి కొన్ని చుట్లు అవుతాయి. అందుకని ఆగాల్సిన చోటుకు బాగా ముందే మెల్లగా ఆనించి పెట్టి, ఆ తర్వాత నొక్కండి.

మీ వైపు రైలుగేట్లు కూడా ఉన్నాయి కాబట్టి ఇంకో మాట. పట్టా పక్క సందు రెండంగుళాలు ఉంటుంది, అంగుళంన్నర టైరు అందులో ఇట్టే దిగిపోతుంది. పట్టాను లంబకోణంలో దాటండి. రోడ్డు ఏటవాలుగా దాటుతుంటే వెనక చూసుకుని సైకిలును తిప్పి అడ్డంగా ఎక్కించండి. వాన పడుతుంటే దిగి నడిపించండి.