పెత్రమాస నుంచి దీపావళి దాంక: పార్కుల పిట్టలు చూసే ముచ్చట

బిడ్డా,

హన్మకొండల రూమ్ తీస్కున్న కాన్నుంచి రోజూ పబ్లిక్ గార్డెన్‌కు పోతున్న పెద్దబాపూ, కాకులు గోరింకలు పావురాలు తప్ప ఇంకోటి కనవడ్తలేదు అని మెసేజ్ పెట్టినవ్ గదా, ఫోన్ల చెప్తె సగం మర్చిపోతవని రాస్తున్న, నిమ్మలంగ చదువు.

నువ్వు అడిగిన టైం మంచిది. పెత్రమాస నుంచి దీపావళి దాటి ఓ వారం దాంక, అంటె మనోళ్లు గునుగు పూలు తంగేడు పూలు తెచ్చుకునే రోజులల్ల, ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే పిట్టలు మన మీదికెల్లే పోతయి. చిన్న పిట్టలు చాన మట్టుకు రాత్రిపూటనే ఎగుర్తయి, తెల్లారంగ కింద చెట్ల గుంపు ఎక్కడ కనవడితె అక్కడ దిగుతయి, ఊరి నడుమ పార్కు అయినా సరే, పురుగో పుట్రో తిని బలం తెచ్చుకొని మళ్ల ఓ రాత్రి లేచిపోతయి. అందుకే ఆదివారం ఒక్కనాడు మూడు గంటలు తిరిగేకంటె రోజూ అర్ధగంట అదే దారిల అదే చెట్ల కింద తిరుగుడు మేలు. రాత్రంత ముసురు పట్టి తెల్లారి తెరిపిచ్చిందనుకో, ఆ పొద్దు మాత్రం కాలేజికి లేటైనా పర్లేదు పో, వానల ముందుకు పోలేక దిగినయి ఆనాడే దొరుకుతయి. టీవీల వాయుగుండం అని చెప్తె నేను అలారం పెట్టుకుంట.

ఏడున్నరకు పోతె లాభం లేదు, మబ్బుల్నే పోవాలె, కని ఒక్కదానివి చీకట్ల పోకు, దోస్తును తోల్కపో.

ఇగ అసలు ముచ్చట. పైకి చూసుడు తగ్గించి కింద నీడల చూడు. నేను నవరంగ్ పిట్టను మొదటిసారి చూసింది ఓ పార్కు మూలకు, వెదురు పొద కింద ఊడ్వకుండ ఇడిసిపెట్టిన ఎండాకులల్ల. ముందు ఆకు తిరగేసిన చప్పుడైంది, తొండనేమో అనుకున్న. కదలకుండ నిలవడ్డ. ఓ ఐదు నిమిషాలకు గుప్పెడంత పిట్ట, తోక లేనట్టే ఉన్నది, రెండు దుంకులు దుంకి ఆగింది, ముక్కుతోని ఒక్క ఆకు పక్కకేసి వానపామును గుంజింది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద నీలం మెరుపు, కంటికి నల్ల పట్టీ, తోక కింద కుంకుమ అద్దినట్టు. ఇంగ్లీషుల ఇండియన్ పిట్టా అంటరు, ఆ పిట్టా అనే మాట మన తెలుగు పిట్ట నుంచే పోయింది, 1816ల ఓ ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ జాతికి అదే పేరు పెట్టిండు. ఆ పొద్దు నాకు ఆకలే కాలె.

అందుకే ముందు మాలీని మంచి చేసుకో. ఆ మూల ఆకులు కాలవెట్టకు కాకా అని మర్యాదగ అడుగు, ఎందుకో చెప్పు, చూపెట్టు. చానమంది ఒప్పుకుంటరు.

అదే నీడల ఇంకో రెండు చూడు. ఒక కొమ్మ మీదికెల్లి ఎగిరి పురుగును పట్టి మళ్ల అదే కొమ్మకొచ్చే బూడిద రంగు పెద్ద కండ్ల చిన్న పిట్ట ఈగలు పట్టే జాతిది. నేల మీద నడుస్తూ తోకను కిందికి మీదికి కాకుండ అటూ ఇటూ ఊపేది, ఛాతి మీద రెండు నల్ల పట్టీలున్నది కనవడితె అది ఫారెస్ట్ వ్యాగ్‌టెయిల్, వెంటనే నాకు ఫోన్ చెయ్యి. పైకి చూడాలనిపిస్తె నవంబర్ల భద్రకాళి చెరువు కట్ట మీద నిలవడు, తూనీగలు గుంపులుగ తిరిగే కాడ అముర్ డేగలు రావొచ్చు, సైబీరియా దిక్కు నుంచి ఆఫ్రికాకు పోయేటియి.

బైనాక్యులర్ 8 ఇంటూ 42ది, అంటె ఎనిమిదింతలు పెద్దగ చూపెట్టేది చాలు, పదింతలు చూపెట్టే 10ది చేతుల వణుకుతది. గోరింక, పికిలి, చిలుకల కూతలు కండ్లు మూసుకొని గుర్తు పట్టేదాంక నేర్చుకో, అప్పుడే కొత్త కూత చెవికి తగుల్తది.

ఫోన్ల కూత పెట్టి పిలువకు. నేను ఒక్కసారి ఆ పని చేసిన, నవరంగ్ పొదల నుంచి బయట దారి మీదికొచ్చింది, కాకులు వెంటవడ్డయి, నాలుగు కాకులు. మళ్ల ఆ వారం అంత అది కనవడలె. ఇప్పటికీ మనసుల గుచ్చుకుంటది. అద్దానికి తాకి పడ్డ పిట్ట దొరికితె నోట్ల నీళ్లు పొయ్యకు, బొక్కలు పెట్టిన అట్టపెట్టెల చీకట్ల ఉంచు, తేరుకున్నంక చెట్ల కాడ ఇడువు, తేరుకోకపోతె ఫారెస్టోళ్లకు అప్పజెప్పు.

సద్దుల బతుకమ్మకు ఇంటికొస్తవు గదా, బైనాక్యులర్ మర్చిపోకు. బాయి కాడ మామిడి చెట్ల కింద ఆకులు ఈసారి ఊడ్వలె, నీ కోసమే ఉంచిన.

మీ పెద్దబాపు