బెండ్ పైపు నట్లు మొరాయిస్తే

అల్లుడూ,

కొత్త సైలెన్సర్ తెచ్చుకున్నవంట, మీ అమ్మ చెప్పింది. ఆదివారం ఇంటి ముందరే మారుస్త అంటున్నవంట. మార్చుకో. కాని ఆ పని శుక్రవారం రాత్రే మొదలుపెట్టాలె.

ఫుట్‌రెస్ట్ దగ్గరి బోల్టు ఎవడైనా విప్పుతడు. లొల్లి అంతా ఇంజిన్ హెడ్డుకు (ఇంజిన్ పై భాగానికి) బెండ్ పైపును, అంటే ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు పొగ తెచ్చే వంకర పైపును, పట్టుకున్న రెండు నట్ల దగ్గర. అవి కూర్చున్న స్టడ్లు, అంటే హెడ్డులకు దిగిన తల లేని బోల్టులు, ఉక్కువి, హెడ్డేమో అల్యూమినియంది. రోజూ కాగుతయి, చల్లారుతయి, పైనుంచి ముందు చక్రం బురద కొడ్తది. వానాకాలంల మోకాలి లోతు నీళ్లల్ల బండి తోలినోడివి, నీ నట్లు ఎట్లున్నయో చూడకుండనే చెప్తా. నట్టు పాడైతే ఇరవై రూపాయల పని. స్టడ్డు హెడ్డులనే తెగితే నీ కొత్త సైలెన్సర్ ధర దానికే పోవచ్చు.

శుక్రవారం బండి చల్లబడ్డంక వైరు బ్రష్షుతో స్టడ్డు మర (నట్టు తిరిగే గాట్లు) మీది తుప్పు గీకు, తుప్పు వదిలించే స్ప్రే కొట్టు. డబ్ల్యూడీ-40 మామూలు డబ్బా చిన్న తుప్పుకు సరిపోతది గాని, ఇట్లాంటి చోట పెనెట్రేటింగ్ ఆయిల్ (సన్న సందులల్లకు దిగే నూనె) అని అడిగి తెచ్చుకో, సికింద్రాబాద్ రాణిగంజ్‌ల దొరుకుతది. చిన్న సుత్తితో నట్టు మీద టకటక కొట్టు, ఆ అదురుకు నూనె లోపలికి దిగుతది. శనివారం కారిన నూనె తుడిచి బండి ఒక చుట్టు తిప్పు, పూర్తిగా చల్లారినంక మళ్లీ కొట్టు. కాగిన పైపు మీద మాత్రం స్ప్రే కొట్టకు, అంటుకుంటది.

ఆదివారం ఆరు మూలల సాకెటే పెట్టు. పన్నెండు మూలలది తుప్పు పట్టిన నట్టును గుండ్రంగ చేస్తది. ముందుగాల ఒక వెంట్రుకంత బిగించే వైపు కదిలించు, తుప్పు పట్టు విడుస్తది. తర్వాత పావు చుట్టు విప్పు, కొంచెం వెనక్కి తిప్పు, నూనె కొట్టు, మళ్లీ విప్పు. కిర్రుమంటే ఆగు. పానాకు పైపు తొడిగి బలం చూపించుడు లారీ చక్రాలకు పనికొస్తది, ఈ సన్నటి స్టడ్డుకు కాదు. స్టడ్డు మెత్తగ మెలి తిరుగుతున్నట్టు చేతికి తెలిస్తే అక్కడనే వదిలెయ్.

అప్పటికీ కదలకుంటే స్టడ్డు చుట్టూ హెడ్డుకు హీట్ గన్ (వేడి గాలి కొట్టేది) పెట్టు. అల్యూమినియం ఉక్కు కన్న రెండింతలు సాగుతది, స్టడ్డు మీద హెడ్డు పట్టు సడలుతది. ట్యాంకు తీసి దూరం పెట్టినంకనే. ఇంకా మొండికేస్తే నట్టును ఒక పక్క కోసి చీల్చు, స్టడ్డు బతుకుతది.

తెగిందా, ఇంట్ల డ్రిల్లు పట్టకు. తెగిన ముక్కను పట్టి బయటికి తిప్పేటందుకు ఈజీ-ఔట్ అని ఒకటి అమ్ముతరు. అది లోపల విరిగితే మామూలు బిట్టుకు లొంగదు, అంత గట్టిది. లేత్ షాపుకు తీస్కపో. మిగిలిన ముక్కకు నట్టు వెల్డింగ్ కొట్టి తిప్పుతరు, ఆ వేడికే సగం వదులైతది. వెల్డింగ్ ముందు బ్యాటరీ తీయించు.

తలల ఆరు మూలల గుంత ఉండే ఎలెన్ బోల్టులకైతే ఆ గుంతల మట్టి సూదితో తీసి, ఎలెన్ కీ మీద రెండు దెబ్బలు వేసి దింపినంకనే తిప్పు. సగం దిగిన కీతో తిప్పే అన్ని బోల్టులూ గుండ్రమే.

నీది 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండి కద, పైపుకు పొగల ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్ ఉంటది. దాని కనెక్టర్ ముందుగాల విప్పు, లేకుంటే పైపుతో పాటు వైరు తెగుతది. స్ప్రే, గ్రీజు దాని ముక్కుకు అంటనియ్యకు.

బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ (పైపుకు హెడ్డుకు నడుమ పొగ కారకుండ పెట్టే రింగు), మళ్లీ పట్టెయ్యకుండ మరకు కాసింత కాపర్ గ్రీజు. రెండు నట్లు చెరింత బిగించుకుంట పో, ఒకటే పూర్తిగ బిగిస్తే పైపు వంకరగ కూర్చుంటది. ఎంత బిగువో మాన్యువల్ల చూడు. ఆ లెక్కకు కొలిచి బిగించే టార్క్ రెంచ్ నా దగ్గరుంది, శనివారం వచ్చి తీస్కపో. వచ్చేటప్పుడు ఆ కొత్త సైలెన్సర్ కూడా పట్టుకొని రా, చప్పుడు ఎంతనో చూస్త. ఎక్కువ మోగేటివి పోలీసులు గుంజుకొని రోడ్డు రోలరు కింద తొక్కిస్తున్నరు. పాతది పారెయ్యకు, బండి అమ్మేటప్పుడు కొనేటోడు కంపెనీదే అడుగుతడు.

మీ మామ