విదేశాల్లో ఫ్లీ మార్కెట్లో కొనేముందు వస్తువుని తిరగేసి చూడండి

మొదటిసారి యూరప్ వెళ్తున్నాను, ఫ్లీ మార్కెట్లలో పాత వస్తువులు కొనవచ్చా, మోసపోతామా అని ఒకరు అడిగారు. తప్పకుండా కొనండి. నేనైతే ఏ దేశం వెళ్లినా మ్యూజియం కన్నా ముందు అక్కడి పాత సామాన్ల సంత ఎప్పుడో వెతుక్కుంటాను. అక్కడివాళ్లు నిన్నమొన్నటిదాకా వాడిన గిన్నెలు, గడియారాలు, ఉత్తరాలు చేతిలోకి తీసుకుని చూడగలిగేది అక్కడే.

ముందుగా సంత ఏ రోజు పెడతారో చూసుకోండి. మాడ్రిడ్‌లో ఎల్ రాస్త్రో ఆదివారాలు, సెలవు రోజుల్లోనే పెడతారు. బెర్లిన్ మౌయర్‌పార్క్ సంత ఆదివారం. లిస్బన్‌లో ఫెయిరా ద లాద్రా మంగళ, శనివారాల్లో. లండన్ పోర్టోబెల్లో రోడ్‌లో మిగతా రోజుల్లోనూ దుకాణాలు ఉంటాయి కానీ పాత వస్తువులవాళ్లు పూర్తిగా వచ్చేది శనివారం. ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్‌కి మాత్రం ఆదివారం సెలవు. హోటల్ బుక్ చేసేముందే ఇవి చూసుకుంటే మంచిది. పొద్దున్నే వెళ్తే మంచి సరుకు దొరుకుతుంది. సర్దుకునే వేళకి వెళ్తే, తిరిగి మోసుకెళ్లడం ఎందుకని ధర తగ్గిస్తారు. నా ఓటు పొద్దుటికే.

ఇక మోసం సంగతి. ఒకే "పాత" దిక్సూచి నాలుగైదు బల్లల మీద కనిపించిందంటే అది పాతది కాదు, ఫ్యాక్టరీ నుంచి నిన్న వచ్చింది. నచ్చిన వస్తువుని ముందు తిరగేసి అడుగు చూడండి. వెండి అని చెప్తే 925 అనే అంకె ఉందేమో, ఇంగ్లండ్ సరుకైతే నడుస్తున్న సింహం ముద్ర ఉందేమో వెతకండి. ఈపీఎన్ఎస్ అని ఉంటే అది వెండి పూత మాత్రమే. వెండి ధర ఇవ్వక్కర్లేదు. పింగాణీ గిన్నెని గోటితో మెల్లగా తడితే ఖంగుమనాలి. చప్పుడు బొంగురుగా ఉంటే ఎక్కడో పగులు ఉన్నట్టే. చెక్క వస్తువుకి సన్నని గుండ్రటి రంధ్రాలు ఉండి, వాటి నుంచి తాజా పొడి రాలుతుంటే లోపల పురుగు ఇంకా బతికే ఉంది, వదిలేయండి. రాగిరేకు మీద చెక్కి, దానితో కాగితం మీద అచ్చు వేసిన పాత పటం అని చెప్తే భూతద్దం పెట్టి చూడండి. వరసగా చుక్కలు కనిపిస్తే అది తర్వాత వేసిన కాపీ. ఫోన్‌లో టార్చి, జేబులో చిన్న భూతద్దం ఉంటే చాలు, అమ్మేవాళ్లు కూడా మీతో కాస్త జాగ్రత్తగా మాట్లాడతారు.

ధర అడిగేముందు ఈ వస్తువు ఎక్కడిది అని అడగడం నాకు అలవాటు. లిస్బన్‌లో ఒక సంతలో నీలిరంగు అజులేజు పలకలు (గోడలకి అతికించే పోర్చుగీసు టైల్స్) చూసి ఆగిపోయాను, ఎంత అందంగా ఉన్నాయో! ఎక్కడివని అడిగితే అమ్మేవాయన సరైన జవాబు చెప్పలేదు. ఆ ఊళ్లో పాత ఇళ్ల గోడల నుంచి ఈ పలకలు ఊడపీకి అమ్ముకోవడం ఎప్పటినుంచో ఉన్న సమస్య. దాన్ని ఆపడానికి 2007లో ఎస్ఓఎస్ అజులేజు అనే కార్యక్రమం కూడా మొదలైంది. నేను కొనలేదు. చేత్తో కొత్తగా చేసే పనివాళ్ల దగ్గర తీసుకున్నాను, ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. ఒక ఊరి గోడ మీద ఉండాల్సింది మన ఇంట్లో ఉండకూడదు.

బేరం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. యూరప్ ఫ్లీ మార్కెట్లలో సగానికి సగం అడిగితే మొహం తిప్పుకుంటారు. రెండు మూడు వస్తువులు కలిపి తీసుకుని కొంచెం తగ్గించమంటే సంతోషంగా తగ్గిస్తారు. మీరు చెప్పిన ధరకి వాళ్లు సరే అన్నాక మాత్రం వెనక్కి తగ్గకండి, అది అన్నిచోట్లా తప్పే. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి.

చట్టాల విషయంలో గట్టిగా ఉండండి. టర్కీ నుంచి పురావస్తువులు బయటికి తీసుకెళ్లడం నేరం. థాయ్‌లాండ్ నుంచి బుద్ధ విగ్రహం తేవాలంటే అక్కడి లలిత కళల శాఖ అనుమతి కావాలి. ఏనుగు దంతం, తాబేలు చిప్ప లాంటివాటి మీద సైటిస్ (అంతరించిపోయే ప్రమాదం ఉన్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం ఆంక్షలు ఉన్నాయి, ఎంత పాతవని చెప్పినా ముట్టుకోకపోవడమే మేలు. ఇటలీలో రోడ్డు పక్కన నకిలీ బ్రాండ్ బ్యాగు కొంటే అమ్మినవాళ్లకే కాదు, కొన్నవాళ్లకీ జరిమానా పడుతుంది. కాస్త ఖరీదైనది ఏదైనా కొంటే వస్తువు పేరు, ధర, తేదీ చేత్తో రాసి ఇమ్మనండి. ఆ చీటీ కస్టమ్స్ దగ్గర పనికొస్తుంది. పాత కత్తులు, చాకులు చెక్-ఇన్ సామానులో పెట్టండి, చేతిసంచిలో ఉంటే విమానాశ్రయంలోనే వదిలేయాల్సి వస్తుంది.