పవర్ సిస్టమ్స్‌లో పీహెచ్‌డీకి బయలుదేరుతున్న సింధుకు

చి.ల.సౌ. సింధుకు పెదనాన్న ఆశీస్సులు.

సోలార్, విండ్‌ని గ్రిడ్‌లో కలిపే సమస్యల మీద పీహెచ్‌డీ చేస్తానని రాశావు. మంచిదే. అయితే ముందు ఆల్గరిథమ్ పట్టుకుని, తర్వాత దానికో సమస్య వెతుక్కోకమ్మా. మనవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ. 33 బస్సుల (లైన్లు కలిసే 33 చోట్ల) ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి కరెంటు పంచే లైను, ఒకటి తీసుకోవడం, తోడేలో తిమింగలమో పేరున్న ఆప్టిమైజేషన్ ఒకటి తగిలించడం, లైన్లలో పవర్ నష్టాలు తగ్గాయని పేపరు రాసేయడం! ఆ ఫీడరు 1989లో బరాన్, వూ ఇచ్చిన 12.66 కేవీది. మన పల్లెల్లో ఉండేది 11 కేవీ, దాని మీద ఎక్కువ భాగం వ్యవసాయ పంపుసెట్లు. నడుస్తున్న మోటారుకి వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గదు, పెరుగుతుంది. పీఎం-కుసుమ్ (రైతులకి సోలార్ అందించే కేంద్ర పథకం) కింద అలాంటి ఫీడరు చివర సోలార్ పెట్టారనుకో. పంపులు ఆగిన మిట్టమధ్యాహ్నం పవర్ వెనక్కి పారి, ఆ చివర వోల్టేజి ఎగదన్నుతుంది. నీకు కావలసినవి ఇలాంటి ప్రశ్నలు.

మొదటి సెమిస్టర్‌లో ఏ బస్సు దగ్గర ఎంత వోల్టేజి, ఏ లైన్లో ఎంత పవర్ అని లెక్కగట్టే న్యూటన్-రాఫ్సన్ లోడ్ ఫ్లో కోడ్ సొంతంగా రాయి. మ్యాట్‌పవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని 9, 14, 39 బస్సుల కేసులతో నాలుగో దశాంశం దాకా కలవాలి. కలవకపోతే ముందు చూడాల్సినవి: ట్రాన్స్‌ఫార్మర్ రియాక్టెన్స్‌ని కామన్ ఎంవీఏ బేస్‌కి (అన్నిటికీ ఒకే కొలమానానికి) మార్చావా, లైన్ చార్జింగ్‌ని (లైను కెపాసిటెన్స్‌ని) రెండు చివరలకీ సగం సగం పంచావా, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజి నిష్పత్తిని మార్చేది) ఏ వైపు పెట్టావు.

ఆ తర్వాత ఒక్కటే ఇన్వర్టర్ (సోలార్ డీసీని ఏసీగా మార్చేది). దాన్ని థెవెనిన్ సోర్సుకి (గ్రిడ్ అంతటికీ బదులు ఒక వోల్టేజి సోర్సు, ఒక ఇంపెడెన్స్) కలిపి, షార్ట్ సర్క్యూట్ రేషియోని (ఇన్వర్టర్ సైజుతో పోలిస్తే గ్రిడ్ ఎంత బలమైందో చెప్పే అంకెని) 10 నుంచి 1.5 దాకా దించుతూ పో. సాధారణంగా 3 కంటే తక్కువైతే బలహీనమైన గ్రిడ్ అంటారు. 1.5 దగ్గర గ్రిడ్ ఇంపెడెన్స్ ఇన్వర్టర్ రేటింగ్ బేస్ మీద సుమారు 0.67 పర్ యూనిట్. అంటే గ్రిడ్ ఫేజ్‌ని వెంబడించే పీఎల్‌ఎల్ కొలిచే వోల్టేజిని ఇన్వర్టర్ పంపే కరెంటే కదిలించేస్తుంది, అక్కడ ఊగిసలాట మొదలవుతుంది. పీఎల్‌ఎల్ బ్యాండ్‌విడ్త్ తగ్గిస్తే అది సద్దుమణగవచ్చు గానీ, ఫాల్ట్‌లో ఫేజ్ ఒక్కసారిగా గెంతినప్పుడు అందుకోలేదు. ఈ రెండింటి మధ్య ఇంకా చాలా పని మిగిలి ఉంది.

ఇక్కడే ఇంకో తప్పు చేస్తారు. 10 కిలోహెర్ట్జ్ స్విచింగ్ మోడల్‌ని 50 మైక్రోసెకన్ల స్టెప్‌తో నడిపి, వేవ్‌ఫారం పాడైందని కంట్రోలర్‌ని తిడతారు. స్విచింగ్ పీరియడే 100 మైక్రోసెకన్లు కదా! స్టెప్‌ని ఒకటి రెండు మైక్రోసెకన్లకి దించు, లేదంటే స్విచింగ్‌ని సగటుగా తీసుకునే యావరేజ్ మోడల్ వాడు.

గ్రిడ్ కుప్పకూలిన ఘటనల నివేదికలు పేపర్ల కంటే ముందు చదువు. 2016 సెప్టెంబర్ 28న సౌత్ ఆస్ట్రేలియా చీకటైంది. తుపానుకి లైన్లు పడి వోల్టేజి వరసగా పడిపోతుంటే, ఇన్నిసార్ల కంటే ఎక్కువ తట్టుకోవద్దన్న రక్షణ సెట్టింగు వల్ల విండ్ ఫామ్‌లు ఉత్పత్తి తగ్గించేశాయి. అలాంటి సెట్టింగు ఉందని గ్రిడ్ నడిపేవాళ్లకే తెలియదు. మోడల్‌లో లేనిది సిమ్యులేషన్‌లో కనబడదు మరి.

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల లెక్క చూడకు. అక్కడి స్కాలర్లకి ఫోన్ చేసి ఎన్నేళ్లకి థీసిస్ ఇచ్చారో, ల్యాబ్‌లో రియల్ టైమ్ సిమ్యులేటర్ (గ్రిడ్‌ని నిజ సమయంలోనే అనుకరించే యంత్రం) ఉంటే దాని మీద వాళ్లకి వారానికి ఎన్ని గంటలు దొరుకుతున్నాయో అడుగు.

ఐఐటీల్లో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి సాధారణంగా పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు. కాబట్టి నాలుగో ఏడు మొదలుకాగానే పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) కోసం ఉత్తరాలు రాయడం మొదలుపెట్టు. నీ థీసిస్ అంతా సిమ్యులేషన్ అయితే హార్డ్‌వేర్ ఉన్న చోటికే రాయి.

మీ పెదనాన్న